రాగం పేరు మిగిలితే చాలదు

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో బైబిలు పక్కనే ఉండే పుస్తకం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. లూథరన్, బాప్టిస్టు, సీఎస్‌ఐ అన్న తేడా లేకుండా అందరి చేతుల్లో నలిగిన పుస్తకం అది. అందులోని పాత కీర్తనల్లో చాలావాటికి పైన రాసినవారి పేరు, రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. శంకరాభరణం, ముఖారి, ఆనందభైరవి, బిలహరి. ఆది, రూపకం, చాపు. కింద పల్లవి, అనుపల్లవి, చరణాలు. పైపైన చూస్తే త్యాగరాజ కీర్తనల సంపుటానికీ దీనికీ తేడా తెలియదు. అయితే స్వరం మాత్రం ఉండదు. ముఖారి అని రాసిన పాటను ఎక్కడ ఎత్తుకోవాలో, అనుపల్లవి ఎంతవరకు వెళ్లి ఎలా దిగాలో, చాపులో మాట ఏ దెబ్బ మీద పడాలో ఆ పుస్తకం చెప్పదు. అవన్నీ పాడేవారి గొంతులో ఉన్నాయి. ఆ గొంతులకు వయసు మీదపడుతోంది. ఈ కీర్తనల్లో వందకు పైగా రాసిన పురుషోత్తమ చౌదరిని తెలుగు వాగ్గేయకారుల్లో ఒకరిగా గుర్తించి, ఆయన పాటలను పెద్దలు పాడే తీరు చెదిరిపోకముందే రికార్డు చేసి స్వరపరచాలి. ఆ పనికి విశాఖపట్నమే పూనుకోవాలి.

విశాఖే ఎందుకంటే, తెలుగు ప్రొటెస్టెంటు సంఘం తన మాట నేర్చుకున్నది ఇక్కడ. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్ ఈ ఊరికి వచ్చారు. క్రైస్తవం పుచ్చుకున్న ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి సాయంతో ఇక్కడే సువార్తల అనువాదం సాగింది. క్రాన్ 1809లో, దెగ్రాంజ్ 1810లో కన్నుమూశారు. వారి మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. తర్వాత ఇదే మిషన్‌కు చెందిన ఎడ్వర్డ్ ప్రిచెట్ తెలుగు చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. ఆ తరువాతి కాలంలో జాన్ హే వంటివారు ఆ అనువాదాలను దిద్దుతూ ఇక్కడే ఏళ్లు గడిపారు. వచనం ఆ విధంగా పదిమంది చేతుల మీదుగా సిద్ధమైంది. పాట మాత్రం వారి చేతికి అందలేదు. ఇంగ్లీషు హిమ్ పాదంలో ఇన్ని అక్షరాలని లెక్క. ఊనిక పడే చోటునుబట్టి దాని నడక. తెలుగు పద్యానికీ పాటకీ లఘువు, గురువు, మాత్ర ముఖ్యం. ఇంగ్లీషు బాణీలో తెలుగు మాటలు కూర్చినప్పుడు సాగకూడని లఘువు సాగుతుంది, నిలవాల్సిన గురువు నలిగిపోతుంది. పాడేవారు మాటను విరిచి పాడాల్సి వస్తుంది. ఆ ఇబ్బంది తీరాలంటే బాణీ కూడా తెలుగులోనే పుట్టాలి. అది ఏ కమిటీ చేసే పనీ కాదు.

ఆ పని చేసిన మనిషి ఉత్తరాంధ్ర అంచు నుంచి వచ్చారు. పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో, అక్కడ స్థిరపడిన బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. సంస్కృతం, ఒడియా, తెలుగు చదివినవారు. శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అనే మహిళ ద్వారా క్రైస్తవ కరపత్రాలు ఆయనకు అందాయి. విశాఖలోని లండన్ మిషన్ వారితో పరిచయం కలిగింది. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజుల్లో ఆ నిర్ణయానికి మూల్యం ఎంతటిదో చెప్పనక్కర్లేదు. కులం పోయింది, కొంతకాలం కుటుంబమూ దూరమైంది. తరువాతి అర్ధశతాబ్దం ఆయన బోధకుడిగా ఊరూరా తిరిగారు. కులాచార పరీక్ష వంటి ఖండన గ్రంథాలు రాశారు, శతకం రాశారు, అన్నిటినీ మించి కీర్తనలు కట్టారు. 1890లో మరణించారు. అంతకుముందే తెలుగులో క్రైస్తవ కావ్యం లేకపోలేదు. మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనం ప్రబంధ ఫక్కీలో రాసిందే. కానీ ప్రబంధాన్ని పండితుడు చదువుతాడు. చౌదరి ఎంచుకున్న పల్లవి, చరణాల కీర్తన భజనలో పదిమంది కలిసి పాడేది. రామదాసు కీర్తనలు ఊరూరా పాడుకునే జనానికి ఆ చట్రం కొత్త కాదు. దేవుడి పేరు మారింది, మొర మారలేదు.

ఇదే కాలంలో ఇంగ్లండులో ఏం జరిగిందో చూస్తే మన లోటు తెలుస్తుంది. మహాత్ముడికి ఇష్టమైన పాటగా, 2022లో తప్పించేవరకు ఏటా జనవరి 29న ఢిల్లీలో బీటింగ్ రిట్రీట్ వేడుకలో సైనిక బ్యాండ్లు వాయించిన పాటగా అబైడ్ విత్ మీ మనకు తెలుసు. దాని మాటలు 1847లో హెన్రీ ఫ్రాన్సిస్ లైట్ రాశారు. మనం విన్న బాణీ విలియం హెన్రీ మంక్‌ది. 1861లో వెలువడిన హిమ్స్ ఏన్షియంట్ అండ్ మోడర్న్ అనే సంపుటానికి ఆయన సంగీత సంపాదకుడు. లండన్ కింగ్స్ కాలేజీలో ఆర్గన్ వాద్యకారుడు. లైట్ మాటలకు ఆ పుస్తకం కోసమే బాణీ కట్టి, దానికి ఈవెన్‌టైడ్ అని విడిగా పేరు పెట్టారు. అక్కడ బాణీకి పేరుంటుంది, కర్త ఉంటాడు, నాలుగు గొంతుకలకూ రాసిన స్వరలిపి ఉంటుంది. అందుకే లండన్ శివారు చర్చిలో పాడినా, విజయ్ చౌక్‌లో బ్యాండు మోగించినా అదే పాట వినబడింది. మంక్ 1823లో పుట్టి 1889లో పోయారు, చౌదరికి సమకాలికుడే. మంక్ మాటలు రాయలేదు, బాణీ మాత్రమే కట్టారు. మన సంప్రదాయం మాటా పాటా ఒకే నోట పుట్టడాన్ని గొప్పగా చెప్పుకుంటుంది. అలాంటి మనిషి పాటలకు మనం దాచుకున్నది మాటలనే. రెండో సగానికి రాగం, తాళం పేర్లు మాత్రమే గుర్తుగా మిగిల్చాం.

రాగం పేరు ఉంటే చాలదా అని అడిగేవారికి జవాబు అన్నమయ్య దగ్గరుంది. పదిహేనో శతాబ్దపు ఆ సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కి ఉన్నాయి, ప్రతి పాట పైనా రాగం పేరు ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ రేకులు వెలుగులోకి వచ్చేసరికి పాడిన తీరు చెప్పే పరంపర తెగిపోయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి మహానుభావులు కొత్తగా స్వరాలు కట్టారు. మన విశాఖలో స్థిరపడి ఇక్కడే 2014లో కన్నుమూసిన నేదునూరి కృష్ణమూర్తి కట్టిన బాణీలు ఇవాళ ఇంటింటా వినిపిస్తున్నాయి. అవి గొప్ప బాణీలు. అయినా అవి నేదునూరివి, రాళ్లపల్లివి. అన్నమయ్య ఎలా పాడాడో మనకు ఎప్పటికీ తెలియదు. ఇంకా వెనక్కి వెళ్తే పాల్కురికి సోమనాథుడు తన కాలంలో జనం పాడుకునే తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, ప్రభాత పదాలు అంటూ పండితారాధ్య చరిత్రలో వరసగా పేర్లు చెప్పాడు. పేర్లు దక్కాయి, పాటలు పోయాయి. చౌదరి పాటల విషయంలో మనకు ఇంకా కొంత వ్యవధి మిగిలి ఉంది. ఆయన పోయి నూట ముప్పై అయిదేళ్లు. తాతలు, అమ్మమ్మల నుంచి నేర్చుకున్నవారు బతికే ఉన్నారు.

ఆ వ్యవధి వేగంగా కరిగిపోతోందని చెప్పడానికి సంగీతపరమైన కారణం ఉంది. ముఖారిలో రెండు ధైవతాలు వస్తాయి. ఆరోహణలో ఒకటి, అవరోహణలో మరొకటి. ఆనందభైరవికి అసలు అందం దాని అన్యస్వరాల్లో, జారుడులో, ఊపులో ఉంది. హార్మోనియం వచ్చినప్పుడే ఈ గమకాలకు కొంత దెబ్బ తగిలింది. ఇప్పుడు కీబోర్డు వచ్చాక మెట్టు మీద వేలు, దాని వెనక కార్డు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు. కార్డు పడిందంటే స్వరం కదలకూడదు, కదిలితే అపశ్రుతి. కనుక పాడేవారే స్వరాన్ని నిటారుగా నిలబెట్టడం నేర్చుకుంటారు. ముఖారిలో రెండు ధైవతాల్లో ఒకటి రాలిపోతుంది. శంకరాభరణం స్వరస్థానాలు పాశ్చాత్యుల మేజర్ స్కేలుతో కలుస్తాయి కాబట్టి అది పైకి చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది, కానీ లోపల గమకం పోతుంది. తాళానిదీ అదే కథ. ఆదితాళం ఎనిమిది లెక్క గనుక రిథమ్ ప్యాడ్ మీద హాయిగా కుదురుతుంది. మిశ్రచాపు మూడు, నాలుగుగా నడిచే ఏడు. యంత్రంలో తయారుగా ఉండే నడకలు నాలుగుకో ఆరుకో కట్టినవి. ఏడు అక్షరాల పాటను ఎనిమిదికి సాగదీసో, ఆరుకు కుదించో పాడేస్తారు. ఆ నడకలోనే పెరిగిన పిల్లలకు అదే అసలు పాట. పైన మాత్రం ముఖారి, చాపు అన్న అచ్చు మారదు. పేరొకటి, పాడేదొకటి అవుతుంది. కీబోర్డు వాయించే పిల్లల తప్పు ఇందులో ఏమీ లేదు. సరైన తీరు ఇదీ అని చూపించే స్వరలిపి వాళ్ల ముందు ఎవరూ పెట్టలేదు.

ఇక్కడ ఒక సామాజిక సంగతి చెప్పాలి. నా దృష్టిలో ఈ వాదనకు ప్రాణం ఇదే. తెలుగు క్రైస్తవుల్లో అత్యధికులు మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చినవారు. చౌదరి పండిత కుటుంబీకుడు, ఆయన మాటల్లో సంస్కృతం పాలు ఎక్కువ. ఆ భాష పల్లెకు పరాయిదని, అగ్రవర్ణపు అచ్చు సంఘం మీద పడిందని కొందరు దళిత ఆలోచనాపరులు అనడంలో న్యాయం లేకపోలేదు. కానీ అదే సమయంలో జరిగిన మరో సంగతిని మరిచిపోలేం. గుడి మండపంలోకి, జమీందారు సభలోకి అడుగుపెట్టనివ్వని రోజుల్లో, మాలపల్లెల్లో, మాదిగవాడల్లో ముఖారి పాడారు, ఆనందభైరవి పాడారు, చాపుకు చేత్తో తాళం వేశారు. చదువు రానివారికి, ఇంటింటికీ వెళ్లి బోధించే బైబిలు స్త్రీలు వాకిట్లో కూర్చుని చరణం చరణంగా నేర్పారు. ఆ పాట కూలికి వెళ్లే దారిలో సాగింది, సమాధి దగ్గర సాగింది, రాత్రి ప్రార్థన కూటంలో సాగింది. దక్షిణాది రాగసంగీతం కొన్ని కుటుంబాల, కొన్ని సభల సొత్తుగా చరిత్ర పుస్తకాల్లో నమోదైంది. దాన్ని ఏ బిరుదూ, ఏ సన్మానమూ లేకుండా నాలుగైదు తరాలు నోటితో మోసుకొచ్చిన ఈ జనం ప్రస్తావన ఆ పుస్తకాల్లో కనబడదు. కాబట్టి చౌదరి కీర్తనలకు స్వరం రాయడమంటే ఒక బ్రాహ్మణ క్రైస్తవుడికి కీర్తి కట్టబెట్టడం మాత్రమే అనుకోకూడదు. ఆ పాటలను బతికించిన పల్లె గాయకులను సంగీత చరిత్రలోకి పేరుపెట్టి తీసుకురావడం కూడా. వాళ్ల గొంతు సంస్కృత సమాసాన్ని ఎలా మలుచుకుందో, ఎక్కడ జానపద వరుసకు దగ్గర చేసుకుందో వింటే, భాష పరాయిదన్న విమర్శకు సగం సమాధానం వాళ్ల పాటలోనే దొరుకుతుంది.

ఆయన హిందూ ఆచారాలను ఖండించారు కదా, అలాంటివాడికి ప్రజాధనంతో, విశ్వవిద్యాలయాల చేత గౌరవం ఎందుకు అని అడగవచ్చు. ఖండించిన మాట నిజమే. దాచవలసిన పని లేదు. ఆ గ్రంథాలతో ఇవాళ విభేదించే హక్కు అందరికీ ఉంది. కానీ తెలుగు సాహిత్యం ఖండనకు భయపడి ఎవరినీ వెలివేయలేదు. ఇందాక చెప్పిన పండితారాధ్య చరిత్రలోనే పరమత ఖండన కావలసినంత ఉంది. దాన్ని మన విశ్వవిద్యాలయాలు పాఠంగా చెబుతున్నాయి, చెప్పాలి కూడా. వేమన ఎవరిని వదిలాడు? వాదగ్రంథాన్ని వాదంగా చదువుదాం, కీర్తనను కీర్తనగా విందాం. ఆనందభైరవిలో నడిచే మొర విన్నవారి మతం మారిపోదు.

ఇంకొక అభ్యంతరం సంగీతజ్ఞుల నుంచి వస్తుంది, అది దీనికంటే బరువైనది. ఈ బాణీలు నిజంగా చౌదరివేనని రుజువేమిటి? అప్పటికే జనంలో ఉన్న వరుసలకు మాటలు అల్లారేమో, రాగం పేర్లు తరువాత ఎవరో చేర్చారేమో. కొన్ని పాటల విషయంలో అది నిజమై ఉండడానికి అవకాశం ఎక్కువ. తెలుసున్న వరుసలో కొత్త పాట కట్టడం మన యక్షగానాల్లో, తత్వాల్లో, భజనల్లో మామూలే. భద్రాచల రామదాసు పాటల సంగతీ అంతే. ఇవాళ కచేరీల్లో వినబడే బాణీల్లో చాలావరకు తరువాతివారివే. అందుకు రామదాసును వాగ్గేయకారుల పట్టికలోంచి ఎవరూ తీసెయ్యలేదు. అసలు అరువు వరుస అన్నది సిగ్గుపడే విషయమే కాదు. ఇంగ్లండులో 1906లో వచ్చిన ఇంగ్లిష్ హిమ్నల్‌కు సంగీత సంపాదకుడు రాల్ఫ్ వాన్ విలియమ్స్. పల్లెటూళ్లు తిరిగి రైతుల, కూలీల నోట విన్న జానపద పాటలు సేకరించి, వాటి బాణీలను చర్చి పాటలకు పెట్టారు. 1903లో సర్రీ ప్రాంతంలో ఫారెస్ట్ గ్రీన్ అనే ఊళ్లో విన్న బాణీకి ఆ ఊరి పేరే పెట్టారు. అరువు తెచ్చారు, ఎక్కడి నుంచి తెచ్చారో రాశారు. అందువల్ల ఆ ఊరికీ, ఆ పాటకీ, ఆ సంపాదకుడికీ చరిత్రలో చోటు దొరికింది. మరో మాట: వాన్ విలియమ్స్‌కు అప్పటికి దేవుడి మీద నమ్మకం లేదు. అయినా ఆ పుస్తకానికి రెండేళ్లు వెచ్చించారు. చర్చి పాట బాగుపడడం దేశ సంగీతానికి సంబంధించిన పని అని ఆయన నమ్మారు. విశాఖలో ఈ పనికి క్రైస్తవులే కావాలన్న నియమం ఉండనవసరం లేదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

త్యాగరాజంత గొప్పవాడు కాదు కదా అన్న మాట కూడా వస్తుంది. కాదు. సంగతుల విస్తారంలో, రాగం లోతులు చూడడంలో ఆ పోలికే పెట్టకూడదు. సభికుడు కూర్చుని వినేందుకు చౌదరి పాట కట్టలేదు, సభ మొత్తం లేచి నిలబడి పాడేందుకు కట్టారు. ఆ కొలతతో చూడాలి. శిక్షణ లేని రెండు వందల మంది ఒక్కసారిగా ఎత్తుకుని, రాగం ఛాయ చెడకుండా చివరిదాకా పాడగల కీర్తన కట్టడం చిన్న విద్య కాదు.

చర్చి లోపలి అభ్యంతరం వేరే ఉంది. నోటినుంచి నోటికి సాగేదే పాటకు జీవం, స్వరం రాసి బిగించేస్తే ఊరికొక తీరు ఉన్న వైవిధ్యం చచ్చిపోతుందని కొందరు పెద్దల భయం. ఆ భయం సరైనదే. ఒక్క బాణీని అధికారికమని ముద్ర వేసి మిగతావాటిని తప్పనడం ఘోరమైన పని అవుతుంది. పాఠాంతరాలను కలిపేయకుండా విడివిడిగా రాయాలి. త్యాగరాజ కీర్తనలకు వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యపరంపరల్లో వేరువేరు పాఠాలున్నాయి; వాటివల్ల త్యాగరాజు సంగీతం పలచబడలేదు. ఈ విషయంలో విశాఖకున్న సౌకర్యం మరే తెలుగు ఊరికీ లేదు. 1933లో ఓడరేవు తెరిచాక మొదలై, 1966 ఉద్యమంతో సాధించుకున్న ఉక్కు కర్మాగారం వచ్చాక మరింత పెరిగి, వలసలు ఈ ఊరిని తయారుచేశాయి. శ్రీకాకుళం, బొబ్బిలి బాప్టిస్టులు, గుంటూరు, రాజమండ్రి లూథరన్లు, కృష్ణా, గోదావరి జిల్లాల సీఎస్‌ఐ వారు తమ తమ వరుసలు వెంట తెచ్చుకుని గాజువాకలో, మల్కాపురంలో, ఉక్కునగరంలో పక్కపక్కన స్థిరపడ్డారు. నాలుగు జిల్లాలు తిరిగితే దొరికే పాఠాలు ఇక్కడ ఒక ఆదివారం సిటీ బస్సులో తిరిగి వినవచ్చు.

చేయగలిగినవారూ ఇక్కడే ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీత శాఖ ఉంది. గంటన్నర దూరంలో ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలుగా 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాల ఉంది. ఆకాశవాణి కేంద్రం ఉంది, కళాభారతి ఉంది. ఈ సంస్థలు క్రైస్తవ కీర్తన తమ పరిధిలోది కాదనుకుంటే ఒక్క పేరు గుర్తుచేస్తాను: ఎ.ఎం. చిన్నస్వామి మొదలియారు. మద్రాసు సచివాలయంలో ఉద్యోగి, క్రైస్తవుడు. 1890ల్లో త్యాగరాజ కీర్తనలను శిష్యపరంపర నుంచి విని, పాశ్చాత్య స్వరలిపిలో రాసి, సొంత డబ్బుతో అచ్చు వేశారు. ముత్తుస్వామి దీక్షితుల కృతులను స్వరపరచి ప్రచురించాలని సుబ్బరామ దీక్షితుల వెంటపడినవారిలో ఆయన ముఖ్యులు. ఆ కృషి 1904లో ఎట్టయాపురంలో తెలుగు లిపిలో వెలువడిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిగా ఫలించింది. గమకానికి ఒక్కొక్క గుర్తు పెట్టి రాసిన ఆ గ్రంథం లేకపోతే దీక్షితుల సంగీతంలో ఎంత మిగిలేదో చెప్పలేం. రాముడి కీర్తనల కోసం ఒక క్రైస్తవుడు ఆస్తి ఖర్చు పెట్టాడు. క్రీస్తు కీర్తనల కోసం మన సంగీత శాఖలు కాస్త సమయం ఖర్చు పెట్టాలని అడగడం అత్యాశ కాదు.

మొదటి విడతకు పాతిక కీర్తనలు చాలు. చౌదరివే కాక, ఈ ఊరి లండన్ మిషన్‌తో ముడిపడిన పులిపాక జగన్నాథం పాటలూ రెండు మూడు చేరిస్తే మంచిది. వాద్యం లేకుండా, మైకు ముందు పెద్దవాళ్ల చేత పాడించాలి. ఒక్కొక్క పాటను కనీసం మూడు సంఘాల నుంచి తీసుకోవాలి. అన్నిటికీ సుబ్బరామ దీక్షితుల పద్ధతిలో గమకపు గుర్తులతో తెలుగు స్వరలిపి రాయాలి. పుస్తకంలో ఉన్న రాగానికీ పాడిన రాగానికీ పొత్తు కుదరకపోతే రెండూ నమోదు చేయాలి, దిద్దకూడదు. పాడినవారు ఒప్పుకుంటే వారి పేరు, ఊరు, వారికి నేర్పినవారి పేరు స్వరం పక్కనే అచ్చు వేయాలి. రికార్డింగులు ఎవరైనా ఉచితంగా వినేలా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంచాలి. చర్చిల్లో కీబోర్డు వాయించే పిల్లలకు ఆ స్వరలిపి చదవడం నేర్పే తరగతులను సంఘాలే వేసవి సెలవుల్లో నడపవచ్చు. విజయనగరం కళాశాల నుంచి బయటికి వచ్చే విద్యార్థులకు అది నాలుగు రాళ్లు తెచ్చే పని కూడా అవుతుంది. బోధకులు, సంఘ పెద్దలు ముందుగా తమ సంఘాల్లో డెబ్బై ఏళ్లు దాటి ఇంకా పాత వరుసలు పాడుతున్న స్త్రీల జాబితా తయారుచేయాలి. పురుషుల కంటే వాళ్లకే ఎక్కువ చరణాలు నోటికి వచ్చు.